గాలిలో వచ్చే బొమ్మకు తెలుగు గొంతు

ఈమధ్య కువైట్‌లో కొత్త టెలివిజన్ కొన్నవారు అట్టపెట్టె మీద "డివిబి-టి2" అనే చిన్న ముద్రను గమనించే వుంటారు. దుకాణంలో అబ్బాయిని అడిగితే "డిజిటల్ సార్" అంటాడు. అంతకు మించి చెప్పడు. మన సభ్యులలో చాలామంది ఆ ముద్రను పట్టించుకోరు. తెలుగు ఛానెళ్ళు డిష్ ద్వారా వస్తున్నాయి, లేదా ఫోనులో వస్తున్నాయి, ఇక దీనితో మనకేమి పని అనేది వారి ప్రశ్న. ప్రశ్న సబబైనదే. దానికి సమాధానం చెప్పాలనే యీ నెల యీ విషయాన్ని ఎత్తుకున్నాము.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. చివర వున్న "టి" అక్షరానికి అర్థం భూతల ప్రసారమని. అంటే నేల మీద నిలబెట్టిన టవరు నుంచి బయలుదేరిన తరంగం నేరుగా మన మేడమీది యాంటెన్నాకు చేరడం. మధ్యలో ఉపగ్రహం లేదు, కేబుల్ వాడు లేడు, ఇంటర్నెట్ లేదు. టెలివిజన్ పుట్టిన నాటి నుంచీ వున్న పద్ధతే ఇది. మారినదల్లా ఆ తరంగం మోసుకొచ్చే సరుకును కట్టే తీరు. పాతది అనలాగ్, కొత్తది డిజిటల్.

పాత పద్ధతి

కువైట్‌లో టెలివిజన్ ప్రసారాలు అధికారికంగా 1961 నవంబరు 15న మొదలయ్యాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది అదే సంవత్సరం జూన్‌లో. నలుపు తెలుపు బొమ్మ రంగుల బొమ్మగా మారింది 1974లో. కువైట్ ఎంచుకున్న రంగుల పద్ధతి పాల్. పక్కనున్న సౌదీ, ఇరాక్, ఇరాన్ దేశాలు ఆనాడు సెకామ్ పద్ధతిలో వుండేవి. అందుకే గల్ఫ్ దుకాణాలలో "మల్టీ సిస్టమ్" టీవీలకు అంత గిరాకీ. మన దేశం కూడా పాల్ పద్ధతినే తీసుకున్నది కనుక, సెలవులో ఇంటికి పోతూ మనవాళ్ళు మోసుకుపోయిన సెట్లు కడపలోనూ, భీమవరంలోనూ ఏ చిక్కూ లేకుండా పనిచేశాయి.

ఆ రోజుల్లో యాంటెన్నా వున్నవారికి గల్ఫ్ వేసవి రాత్రులు ఒక వింత చూపించేవి. మామూలుగా రాని దూరదేశపు స్టేషన్లు హఠాత్తుగా తెర మీద కనిపించేవి. ఇందులో మాయ ఏమీ లేదు. సముద్రం మీద తేమతో కూడిన చల్లని గాలి పొర వుంటుంది. దాని మీదుగా ఎడారి నుంచి వేడి పొడిగాలి వీస్తుంది. ఆ రెండింటి మధ్య టెలివిజన్ తరంగం కాలువలో నీళ్ళలాగా చిక్కి, పైకి పోలేక, వందల కిలోమీటర్లు సాగిపోతుంది. ప్రపంచంలో యీ లక్షణం బాగా ఎక్కువగా కనిపించే చోట్లలో మన గల్ఫ్ ఒకటి.

అనలాగ్ ప్రసారంలో మరొక గుణం వుండేది. సిగ్నల్ తగ్గితే బొమ్మ కొంచెం కొంచెంగా పాడయ్యేది. ముందు చుక్కలు, తరువాత గీతలు, ఎత్తైన భవనాలుంటే బొమ్మ పక్కన నీడబొమ్మ. అయినా మనిషి ముఖం తెలిసేది, మాట వినిపించేది. మన ఊళ్ళలో ఒకరు మేడెక్కి యాంటెన్నా తిప్పడం, ఇంకొకరు కింద నుంచి "వచ్చింది, వచ్చింది, కదపకు" అని కేకవేయడం అందరికీ తెలిసినదే. చుక్కల బొమ్మతోనే సర్దుకున్న ఇళ్ళు లక్షల్లో వుండేవి.

కొత్త పద్ధతిలో జరిగేది

డిజిటల్‌లో బొమ్మనూ శబ్దాన్నీ ముందు అంకెలుగా మారుస్తారు. కదలని భాగాన్ని మళ్ళీ మళ్ళీ పంపకుండా, మారిన భాగాన్ని మాత్రమే పంపుతారు. వార్తలు చదివే మనిషి వెనకనున్న గోడ క్షణక్షణానికీ మారదు కదా. ఇలా మూట చిన్నదవుతుంది. అంతకు ముందు ఒక్క ఛానెల్ పట్టే చోట నాలుగైదు, కొన్నిచోట్ల అంతకన్న ఎక్కువ ఛానెళ్ళు పడతాయి. ఇలా ఒకే తరంగం మీద ఎక్కించిన ఛానెళ్ళ కట్టను మల్టీప్లెక్స్ అంటారు.

ఇక దానిని గాలిలోకి పంపే తీరు చూడండి. బరువంతా ఒక్క బండి మీద వేసి పరుగెత్తిస్తే, దారిలో ఒక్క గుంత తగిలినా సరుకంతా పోతుంది. అదే బరువును వేలమందికి తలా ఒక చిన్న గంపగా పంచి నెమ్మదిగా నడిపిస్తే, పదిమంది తడబడినా మిగతావారు చేరతారు. డివిబి-టి చేసేది యీ రెండవ పనే. దానిలో ఒక విధానంలో 6,817 సన్నని తరంగాలు పక్కపక్కన నడుస్తాయి. ఒక్కొక్కటి మోసేది కొద్దిగానే. పైగా ఒక గంప దించిన తరువాత ఇంకొకటి ఎత్తే ముందు కొంత విరామం ఇస్తారు. ఎత్తైన భవనాలకు తగిలి ఆలస్యంగా వచ్చే ప్రతిధ్వని ఆ విరామంలో సమసిపోతుంది. నీడబొమ్మ బాధ అలా తీరింది.

ఆ విరామాన్ని బాగా పొడుగు పెట్టినప్పుడు 67 కిలోమీటర్ల దారి తేడాతో వచ్చిన తరంగాన్ని కూడా రిసీవర్ సర్దుకోగలదు. జహ్రా నుంచి ఫహాహీల్ వరకు తిన్నగా కొలిస్తే అంత దూరం లేదు. కనుక ఇలాంటి చోట ఒకటికి రెండు టవర్లు పెట్టి, అన్నింటినీ ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడపవచ్చు. అనలాగ్‌లో ఇది సాధ్యమయ్యే పని కాదు. కొండలు లేని చదునైన దేశం కావడం కువైట్‌కు యీ విషయంలో మరొక సౌకర్యం.

డివిబి-టి ప్రమాణం 1997లో అచ్చయింది. 2009లో వచ్చిన టి2 దాని తమ్ముడు. బ్రిటన్‌లో ఒక మల్టీప్లెక్స్ పాత పద్ధతిలో సెకనుకు 24 మెగాబిట్లు మోస్తే, టి2లోకి మార్చినది సుమారు 40 మోసింది. ఫ్రీక్వెన్సీ వెడల్పు అంతే, మోసే బరువు మాత్రం పెరిగింది.

ఇంత మేలు చేసిన డిజిటల్‌లో ఒక కఠినత్వం కూడా వుంది. సిగ్నల్ ఒక హద్దు వరకు తగ్గినా బొమ్మ అద్దంలా వుంటుంది. ఆ హద్దు దాటి కాస్త తగ్గిందా, ముక్కలు ముక్కలై నిలిచిపోతుంది, తరువాత తెర నల్లబడుతుంది. చుక్కల బొమ్మతో సర్దుకునే వీలు ఇందులో లేదు. కనుక టవరు ఎక్కడ పెట్టారు, ఎంత శక్తి ఇచ్చారు, జనం చేతికి తగిన పెట్టె చేర్చారా లేదా అన్న విషయాలు సాంకేతిక శాస్త్రం కన్న ముఖ్యమైపోయాయి. అమలులో ఒక ఊరిని మరచిపోతే ఆ ఊరికి బొమ్మ బొత్తిగా వుండదు.

పొరుగువారితో ఒప్పందం

కువైట్ నగరం నుంచి బస్రా సుమారు 125 కిలోమీటర్లు. ఇరాన్‌లోని అబాదాన్ ఇంకా దగ్గర. గల్ఫ్ గాలులు పొరుగు స్టేషన్లను మన ఇంటికి తెస్తాయని పైన చెప్పుకున్నాము. అనలాగ్ రోజుల్లో అది వినోదం. డిజిటల్‌లో అదే ఫ్రీక్వెన్సీ మీద పొరుగు తరంగం వచ్చిపడితే మన బొమ్మ ఆగిపోతుంది. కనుక ఎవరికి వారు తమ ఇష్టం వచ్చినట్లు మొదలుపెట్టే వ్యవహారం కాదిది.

అందుకే 2006 మే 15 నుంచి జూన్ 16 వరకు జెనీవాలో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఒక పెద్ద సమావేశం జరిపింది. ఐరోపా, ఆఫ్రికా, అరబ్బు దేశాలు, ఇరాన్ కలిపి వందకు పైగా దేశాల మధ్య ఫ్రీక్వెన్సీల పంపకం అక్కడ జరిగింది. కువైట్ కూడా ఆ ప్రణాళిక పరిధిలోనిదే. 2015 జూన్ 17 తరువాత అనలాగ్ ప్రసారానికి పొరుగువారి తరంగాల నుంచి రక్షణ కోరే హక్కు వుండదని ఆ ఒప్పందం తేల్చింది. కొన్ని దేశాలకు వీహెచ్ఎఫ్ విషయంలో మాత్రం 2020 వరకు గడువిచ్చారు. అనలాగ్ యుగానికి ముగింపు రాసింది ఆ కాగితమే అనవచ్చు.

ఆ ఒప్పందం వెనుక ఇంకొక లెక్క కూడా వుంది. ఒకే చోట నాలుగైదు ఛానెళ్ళు పట్టినప్పుడు కొంత స్థలం మిగులుతుంది. ఆ స్థలం మీద మొబైల్ ఫోను కంపెనీల చూపు పడింది. 2007లో కొంత, ఆ తరువాత 2012, 2015 సమావేశాలలో మరికొంత టెలివిజన్ నుంచి ఫోన్లకు పోయింది. 2023లో దుబాయ్‌లో జరిగిన ప్రపంచ సమావేశంలో మిగిలినదాని మీద మళ్ళీ వాదోపవాదాలు నడిచాయి. గాలికి కూడా గజాల లెక్కన ధర పలికే కాలం కదా!

ఇతర దేశాలలో ఎలా చేశారు

జర్మనీలోని బెర్లిన్ నగరం 2003 ఆగస్టులో అనలాగ్‌ను ఆపివేసింది. ప్రపంచంలో అలా చేసిన మొదటి పెద్ద నగరం అదే. సెట్ టాప్ బాక్సు కొనలేని పేద కుటుంబాలకు అక్కడి సంక్షేమ శాఖ సాయం చేసింది. బ్రిటన్ 2007లో వైట్‌హేవెన్ అనే చిన్న పట్టణంతో మొదలుపెట్టి, ఒక్కొక్క ప్రాంతంగా సాగి, 2012 అక్టోబరులో ఉత్తర ఐర్లండ్‌తో ముగించింది. 75 ఏళ్ళు దాటినవారికి, వికలాంగులకు పెట్టె బిగించి చూపించడానికి ప్రత్యేక పథకం పెట్టింది. అమెరికా ఇంటికి రెండు చొప్పున 40 డాలర్ల కూపన్లు పంచింది. అయినా చాలా ఇళ్ళు సిద్ధం కాలేదని తెలిసి, 2009 ఫిబ్రవరి 17 నాటి గడువును జూన్ 12కు వాయిదా వేసింది.

స్విట్జర్లాండ్ దారి వేరు. అక్కడ యాంటెన్నా మీద ఆధారపడిన ఇళ్ళు చాలా కొద్ది. అందుచేత 2019 జూన్ 3న డిజిటల్ భూతల ప్రసారాన్ని కూడా ఆపివేశారు. అందరికీ కేబుల్ వున్నచోట అది నడుస్తుంది. మన ఊళ్ళ సంగతి వేరు.

మన ఇంటి దగ్గర

ఆంధ్రదేశపు పల్లెలు టెలివిజన్ చూసింది నగరాల కన్న ముందే. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు ప్రసారాలు చేసిన సైట్ ప్రయోగంలో మన రాష్ట్రం కూడా వుంది. పంచాయతీ అరుగుల ముందు జనం తెలుగులో వ్యవసాయం, ఆరోగ్యం పాఠాలు చూశారు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలయింది. ఆ తరువాత దేశమంతటా దూరదర్శన్ టవర్లు దాదాపు 1,400 దాకా పెరిగాయి.

డిజిటల్‌కు మారేటప్పుడు మాత్రం కథ వేరుగా నడిచింది. 2016 ఫిబ్రవరి 25న దూరదర్శన్ 16 నగరాలలో డివిబి-టి2 ప్రసారాలు ప్రారంభించింది. ఢిల్లీ, ముంబై, చెన్నై, బెంగళూరు అందులో వున్నాయి. హైదరాబాద్ లేదు, విజయవాడ లేదు, విశాఖపట్నం లేదు. ప్రైవేటు సంస్థలకు కూడా యీ రంగంలో చోటివ్వాలని 2017 జనవరిలో ట్రాయ్ సిఫారసు చేసింది. ఇంతలో పాత అనలాగ్ టవర్లను ఒక్కొక్కటిగా మూస్తూ వచ్చారు. 2022 మార్చి నాటికి సరిహద్దుల వంటి ముఖ్యమైన చోట్ల వున్న సుమారు యాభై తప్ప మిగతావి ఆగిపోయాయి.

అంటే మన పల్లెల్లో యాంటెన్నా మీద ఆధారపడిన ఇంటికి పాత బొమ్మ పోయింది, దాని స్థానంలో కొత్త బొమ్మ గాలిలో రాలేదు. ఆ లోటును కొంత తీర్చింది 2004 డిసెంబరులో మొదలైన దూరదర్శన్ ఉచిత డిష్ సేవ. నేడు దానిని డిడి ఫ్రీ డిష్ అంటున్నారు. పళ్ళెం, పెట్టె ఒకసారి కొంటే చాలు, నెలనెలా చందా లేదు. ఊళ్ళో కేబుల్ బిల్లు కట్టలేక టీవీ మూలపడేసిన పెద్దవాళ్ళు మనలో చాలామందికి వున్నారు. సెలవుకు వెళ్ళినప్పుడు ఆ ఒక్క పని చేసిపెట్టి రండి. ఇక్కడి నుంచి పంపే చీరలూ సెంట్లూ ఆ తరువాత చూసుకోవచ్చు.

ఇక్కడ మనకేమి లాభం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాక మన తెలుగువారు తెలుగు కోసం ఆకాశం వైపు డిష్ పెట్టుకున్నారు. ఆ తరువాత ఫోను వచ్చింది. ఒక గదిలో ఆరుగురు వుండి, నెలకు ఇంత అని ఇంటికి పంపుకునే మనిషికి ఫోనే సర్వస్వం. అయినా గాలిలో వచ్చే బొమ్మకు మూడు గుణాలు వున్నాయి, అవి ఫోనుకు లేవు. మొదటిది, దానికి బిల్లు లేదు. రెండవది, ఒకరు చూసినా పది లక్షల మంది చూసినా దాని మీద భారం పెరగదు. అందరూ ఒక్కసారి తెరిస్తే ఫోను నెట్‌వర్క్ మొరాయిస్తుంది, టవరు మొరాయించదు. మూడవది, ఎవరు ఏమి చూస్తున్నారో అది లెక్క కట్టదు.

ఆపదలో యీ గుణాల విలువ తెలుస్తుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు విదేశాలకు టెలిఫోను తీగలు తెగిపోయాయి. అప్పుడు వార్త అనేది ఏదైనా చెవిన పడిందంటే అది రేడియోలో వచ్చినదే. 2020 ఏప్రిల్ మొదటి వారంలో కరోనా కారణంగా జలీబ్ అల్ షుయూఖ్, మహబూలా ప్రాంతాలను మూసివేశారు. మే 10 నుంచి 30 వరకు దేశమంతటా పూర్తి కర్ఫ్యూ పెట్టారు. ఆ రెండు పేటల్లో మనవాళ్ళు ఎందరున్నారో పాఠకులకు చెప్పనక్కరలేదు. ఏ గంటకు బయటకు పోవచ్చు, సరుకులు ఎలా తెచ్చుకోవాలి, ఎవరికి జ్వరం వస్తే ఎక్కడికి వెళ్ళాలి అన్నవి తెలియడం ప్రాణావసరమైన రోజులవి. అరబ్బీ రానివాడికి, ఇంగ్లీషు చదవలేనివాడికి ఆ సంగతి చేరింది ఎక్కువగా వాట్సాప్‌లో ఎవరో పంపిన మాటల ద్వారా. అందులో నిజమెంతో, పుకారెంతో తేల్చుకునే సాధనం గదిలో లేదు.

ఇక్కడే డిజిటల్ టెలివిజన్‌లో ఒక చిన్న వెసులుబాటు వుంది. దానిని గురించి మన సంఘాలలో ఎవరూ మాట్లాడగా మేము వినలేదు. డివిబి పద్ధతిలో ఒక బొమ్మకు ఒకే శబ్దం వుండాలన్న నియమం లేదు. అదే బొమ్మతో పాటు రెండు, మూడు, నాలుగు భాషల శబ్దాలను వేరువేరుగా పంపవచ్చు. చూసేవాడు రిమోట్ మీద ఆడియో మీట నొక్కి తన భాషను ఎంచుకుంటాడు. తెర కింద అక్షరాలను కూడా ఇలాగే భాషకొకటిగా పంపవచ్చు. ఒక మాటల శబ్దానికి సెకనుకు 192 కిలోబిట్లు ఇచ్చినా, 24 మెగాబిట్ల పాత మల్టీప్లెక్స్‌లో కూడా అది నూటికి ఒక వంతు కాదు. కొత్త ఛానెల్ పెట్టాలంటే స్టూడియో కావాలి, సిబ్బంది కావాలి, ఇరవైనాలుగు గంటలూ నింపడానికి కార్యక్రమాలు కావాలి. ఒక పది నిమిషాల ప్రభుత్వ ప్రకటనకు తెలుగు శబ్దం జోడించాలంటే ఒక అనువాదకుడు, ఒక మైకు, ఒక చిన్న గది చాలు.

ఇది మనవారికి మాత్రమే పనికివచ్చే మాట కాదు. మలయాళీలు, తమిళులు, బంగ్లాదేశీయులు, ఫిలిప్పీనులు, నేపాలీలు అందరికీ ఇదే అవసరం. ఏ దేశమైనా తన గడ్డ మీద పనిచేసేవారికి ఆపదలో సూచనలు వారి భాషలో చెప్పగలిగితే ఆ లాభం ఆ దేశానికే ముందు దక్కుతుంది. రోగం భాష చూసి సోకదు. అన్ని భారతీయ సంఘాలూ కలిసి, రాయబార కార్యాలయం ద్వారా, మర్యాదగా, లిఖితపూర్వకంగా అడగదగిన కోరిక ఇది. ఛానెల్ అడిగితే పెద్ద కోరిక అవుతుంది. అత్యవసర ప్రకటనలకు ఒక శబ్దం అడగడం చిన్న కోరిక, సాధ్యమైన కోరిక.

కొనేవారికి నాలుగు మాటలు

టీవీ కొనేటప్పుడు డివిబి-టి2 ముద్ర వున్నదే తీసుకోండి. మన దేశంలో దూరదర్శన్ తీసుకున్నది కూడా ఆ ప్రమాణమే. అమెరికాలోని కొడుకు పంపిన సెట్టులో ఏటీఎస్‌సీ ట్యూనరు, జపాను సెట్టులో ఐఎస్‌డీబీ-టి ట్యూనరు, చైనా దేశీయ సెట్టులో డీటీఎంబీ ట్యూనరు వుంటాయి. అవి యాంటెన్నా నుంచి ఇక్కడి ప్రసారాన్ని పట్టవు. యాంటెన్నా కోసం పెద్ద ఖర్చు అక్కరలేదు, మామూలు యూహెచ్ఎఫ్ యాంటెన్నా చాలు. గాలిదుమ్ముకు డిష్ మొహం తిరిగిపోయినట్లు ఇది చీటికిమాటికి తప్పిపోదు. మేడమీద పెట్టాలంటే ముందు హారిస్‌ను అడగండి. సెట్టు మెనూలో డిజిటల్, యాంటెన్నా అన్నవి ఎంచుకుని ఆటో స్కాన్ నడపండి. మీ భవనం వున్నచోట గాలిలో ఏమున్నదీ సెట్టే చెబుతుంది. ఏదైనా ఛానెల్ వస్తే రిమోట్ మీద ఆడియో మీట నొక్కి ఎన్ని శబ్దాలు వున్నాయో కూడా చూడండి.

ఆ చూసినదాన్ని ఒక కాగితం మీద రాసి, మీ పేట పేరు వేసి, వచ్చే నెల సమావేశానికి తెచ్చి ఇవ్వండి. ఫర్వానియా, సాల్మియా, ఫహాహీల్, అబ్బాసియా, మంగాఫ్ నుంచి పది పది కాగితాలు వస్తే, పై కోరికను రాసేటప్పుడు మన చేతిలో ఆధారం వుంటుంది. అభ్యర్థన ముసాయిదాను తయారుచేసే పనిని మేము చేపడతాము. అరబ్బీ బాగా వచ్చిన సభ్యులు ఎవరైనా తోడు రాగలిగితే ముందుగా తెలియజేయగోరుతున్నాము.